లోను రాదన్న మాట కాగితం మీదికి రావాలి

తొలకరి మొదలైంది. విత్తనానికి, ఎరువుకు, దుక్కికి, కూలికి అన్నింటికీ ఒకేసారి డబ్బు కావలసిన రోజులివి. ఈ రోజుల్లోనే బ్యాంకుల్లో రైతులకు ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది: 'మీకు లోను రాదండీ.' ఎందుకు రాదో ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెబుతారు. కొందరికి ఏ కారణమూ చెప్పరు, వచ్చే వారం రమ్మంటారు. వచ్చే వారం వెళితే మేనేజరు మీటింగులో ఉంటాడు. నాలుగుసార్లు తిరిగేసరికి అదును దాటిపోతుంది. అదును కోసం రైతు ఆగగలడు గానీ రైతు కోసం అదును ఆగదు. అందుకే ఎరువుల దుకాణంలోనో, వడ్డీ వ్యాపారి దగ్గరో, పంట కొనే కమీషన్ వ్యాపారి దగ్గరో చెయ్యి చాస్తాడు.

ఆ ఒక్క మాట ఖరీదు ఎంతో లెక్క చూద్దాం. రూ.3 లక్షల లోపు పంట రుణానికి వడ్డీ రాయితీ పోను రైతుపై పడే వడ్డీ 7 శాతం. గడువులోగా కట్టినవారికి కేంద్రం మరో 3 శాతం తగ్గిస్తుంది. అంటే చివరికి 4 శాతం. లక్ష రూపాయలకు ఏడాదికి నాలుగు వేలు. అదే లక్షను బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 24 వేలు, మూడు రూపాయలకు తెస్తే 36 వేలు. అదే పొలం, అదే పంట, అదే కష్టం. బ్యాంకు కాదన్నందుకు రైతు అదనంగా కట్టేది లక్షకు 20 వేల నుంచి 32 వేలు. పంట బాగా పండిన ఏడు కూడా ఇందులోనే లాభం కొట్టుకుపోతుంది. పండని ఏడు సంగతి చెప్పనక్కర లేదు.

2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నట్టు తేలింది. దేశం మొత్తం మీద ఇది 50.2 శాతం. ఒక్కో కుటుంబం నెత్తిన సగటు అప్పు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు రూ.2.45 లక్షలు, తెలంగాణలో రూ.1.52 లక్షలు. అప్పు లేకుండా సేద్యం సాగని చోట మనం ఉన్నాం. కాబట్టి అప్పు చేయాలా వద్దా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆ అప్పు 4 శాతానికి దొరుకుతుందా, 36 శాతానికి దొరుకుతుందా అన్నదే ప్రశ్న. దాన్ని తేల్చేది బ్యాంకులో ఆ పది నిమిషాలు.

రుణం కాదనడానికి బ్యాంకులు చెప్పే కారణాలను ఈ సంచికలో ఒక్కొక్కటిగా పరిశీలిస్తున్నాం. ప్రతి తిరస్కరణా అన్యాయమేనని మేము అనడం లేదు. బ్యాంకులో ఉన్నది డిపాజిటుదారుల సొమ్ము. దానికి లెక్క చెప్పాల్సిన బాధ్యత మేనేజరుకు ఉంది. కానీ చెప్పే కారణాల్లో కొన్ని నిజమైనవి, కొన్ని సరిచేసుకోగలిగినవి, కొన్ని రిజర్వ్ బ్యాంకు ఏనాడో వద్దన్నవి. ఏది ఏదో తెలియాలంటే ముందు ఆ కారణం కాగితం మీద ఉండాలి. నోటిమాటగా వచ్చిన 'రాదు'కు జవాబు ఉండదు.

రసీదు లేని దరఖాస్తు, లెక్కకు రాని తిరస్కరణ

ప్రాధాన్య రంగ రుణాల దరఖాస్తు తీసుకున్నప్పుడు బ్యాంకు రసీదు ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. నిర్ణయాన్ని ఎన్ని రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలో బ్యాంకు బోర్డే గడువు పెట్టుకోవాలి. రుణం తిరస్కరిస్తే ముఖ్యమైన కారణాలను రాతపూర్వకంగా చెప్పాలని 2003లో చిన్న రుణాలకు నిబంధన పెట్టారు. 2007లో దాన్ని ఎంత మొత్తమైనా సరే అన్ని రుణాలకూ వర్తింపజేశారు. పూర్తి కాగితాలతో కిసాన్ క్రెడిట్ కార్డు దరఖాస్తు అందిన 14 రోజుల్లో తేల్చాలని 2019లో కేంద్రం బ్యాంకులకు సూచించింది.

మరి మన ఊళ్లలో జరుగుతున్నదేమిటి? దరఖాస్తు తీసుకుంటే కదా రసీదు! కౌంటరు దగ్గరే పాస్‌బుక్ తిరగేసి, కంప్యూటర్‌లో ఆధార్ నంబరు కొట్టి, 'రాదు' అని తిప్పి పంపేస్తారు. ఆ రైతు పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. జిల్లా బ్యాంకర్ల సమావేశంలో పెండింగ్ దరఖాస్తులు ఎన్నని కలెక్టరు అడిగితే 'పెద్దగా లేవు సార్' అన్న జవాబు వస్తుంది. అందులో అబద్ధం లేదు. తీసుకోని దరఖాస్తు పెండింగులో ఎందుకుంటుంది? తిప్పి పంపిన రైతు లెక్కలోకి రానంతవరకు ప్రభుత్వానికి, బ్యాంకుకు సమస్యే లేనట్టు.

అందుకే రుణం రావడం ఎంత ముఖ్యమో, రాకపోతే కారణం రాయించుకోవడం అంతే ముఖ్యం. ఇప్పుడు ఆ కారణాల్లోకి వెళదాం.

భూమి రికార్డు సరిగా లేదు

ఎక్కువగా వినిపించే కారణం ఇదే. దీనిలో చాలా రకాలున్నాయి. తండ్రి చనిపోయి పదేళ్లయినా పాస్‌బుక్ ఆయన పేరు మీదే ఉంటుంది. దున్నేది కొడుకులో, భార్యో. ఫౌతి కానంతవరకు బ్యాంకు దృష్టిలో వాళ్లెవరికీ భూమి లేదు. రైతు ఆత్మహత్య చేసుకున్న ఇళ్లలో ఇది మరీ ఘోరం. అప్పు మాత్రం ఆ ఇంటి ఆడమనిషిని వెతుక్కుంటూ వస్తుంది, భూమి ఆమె పేరు మీదికి రాదు, కొత్త రుణమూ రాదు.

ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, పాస్‌బుక్‌లో పొడి అక్షరం ఉంటే అదో అభ్యంతరం. తెల్ల కాగితం మీద కొన్న సాదాబైనామా భూములకు పట్టా లేదు. తెలంగాణలో 2017లో మొదలైన భూరికార్డుల ప్రక్షాళనలో వివాదాస్పదమని పార్ట్-బీలో పెట్టిన భూములు ధరణిలో ఏళ్ల తరబడి చిక్కుకున్నాయి. 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది గానీ రైతులు దరఖాస్తులు పట్టుకుని తిరగడం తప్పలేదు. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే జరిగిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. ఇద్దరు ముగ్గురి భూమిని కలిపి ఒకే నంబరు కింద చూపిన జాయింట్ ఎల్‌పీఎంలలో ఎవరి వాటా ఎంతో బ్యాంకుకు తెలియదు. చుక్కల భూములు, 22ఏ నిషేధిత జాబితాలో పడిన భూములు సరేసరి. ఒక సర్వే నంబరులో కొంత ప్రభుత్వ భూమి ఉంటే నంబరు మొత్తాన్ని జాబితాలో చేర్చిన సందర్భాలు ఎన్నో.

ఇంకొకటి కనిపించకుండా దెబ్బతీసేది: పాత ఛార్జ్. రుణం ఇచ్చినప్పుడు బ్యాంకు ఆ భూమి మీద ఆన్‌లైన్‌లో ఛార్జ్ నమోదు చేస్తుంది. రైతు అప్పు తీర్చేసినా దాన్ని తొలగించకపోతే మరో బ్యాంకులో 'మీ భూమి ఇప్పటికే తనఖాలో ఉంది' అంటారు. అప్పు తీర్చిన రోజునే బకాయి లేదన్న కాగితం తీసుకుని, వారం తర్వాత 1బీలో, తెలంగాణలోనైతే భూభారతిలో ఆ ఛార్జ్ పోయిందో లేదో చూసుకోవాలి.

అసైన్డ్ భూములకు రుణం ఇవ్వకూడదని చట్టం ఉందని కొన్ని బ్రాంచీల్లో చెబుతుంటారు. ఇది పొరపాటు. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టమే బ్యాంకులకు, సహకార సంఘాలకు తనఖా పెట్టడాన్ని నిషేధం నుంచి మినహాయించింది. పోడు భూములకు అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పట్టాలు అమ్మడానికి వీల్లేనివి, నిజమే. కానీ చిన్న పంట రుణానికి భూమి తనఖాయే అక్కర్లేనప్పుడు అమ్మకానికి వీలుందా లేదా అన్న ప్రశ్న ఎందుకు వస్తుంది?

పాత బకాయి, మాఫీ నీడ

రెండో కారణం పాత బకాయి. తక్కువ కాలపు పంటలకు ఇచ్చిన రుణం గడువు దాటి రెండు పంట కాలాలు కట్టకపోతే, ఏడాదికి మించిన పంటలకైతే ఒక పంట కాలం కట్టకపోతే, బ్యాంకు దాన్ని మొండి బకాయిగా లెక్కిస్తుంది. ఆ తర్వాత కొత్త రుణం దాదాపు అసాధ్యం. ఇది బ్యాంకు నియమం, దాన్ని కాదనలేం. కానీ ఆ బకాయి ఎలా ఏర్పడిందో అడగాల్సిన బాధ్యత మనది.

రెండు తెలుగు రాష్ట్రాల రైతుకు మాఫీ హామీ కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2014 తర్వాత కుటుంబానికి లక్షన్నర వరకు మాఫీని విడతలుగా ఇస్తామన్నారు. చివరి విడతలు అందరికీ అందనే లేదు. తెలంగాణలో 2018 ఎన్నికల తర్వాత ప్రకటించిన లక్ష మాఫీ ఐదేళ్లు సాగింది. 2024లో రూ.2 లక్షల వరకు మాఫీ అమలు చేసినప్పుడు కుటుంబ నిర్ధారణ, ఆధార్ తేడాలు, రెండు లక్షలకు పైబడిన మొత్తం ముందు కట్టాలన్న షరతు వంటి కారణాలతో ఆగిపోయినవారు ఉన్నారు. మాఫీ ఇవ్వాలన్నది మన సంఘం డిమాండే. మాఫీ వస్తుందన్న మాట నమ్మి రైతు కట్టకుండా ఆగితే, ఆ ఆలస్యానికి వడ్డీ పడిందీ, ఖాతా చెడిపోయిందీ రైతుకే. మాట ఇచ్చింది ప్రభుత్వం, ఎగవేతదారు ముద్ర పడింది రైతుకు. హామీ ఇచ్చిన రోజు నుంచి అమలు చేసిన రోజు వరకు పడే వడ్డీని ప్రభుత్వమే భరించాలి. ఆ కాలంలో ఖాతాలను మొండి బకాయిలుగా లెక్కించకుండా బ్యాంకులతో ఒప్పందం చేసుకోవాలి.

ఏకకాల పరిష్కారం గురించీ ఒక మాట. బ్యాంకు కొంత తగ్గించి మిగిలింది కట్టమంటే రైతు సంతోషంగా కట్టేస్తాడు. కానీ రుణ చరిత్రలో ఆ ఖాతా 'ముగిసింది' అని కాక 'సెటిల్ చేసుకున్నారు' అని పడుతుంది. తర్వాత ఏ బ్యాంకుకు వెళ్లినా అది అడ్డు వస్తుంది. సంతకం పెట్టేముందే ఈ సంగతి అడిగి తెలుసుకోవాలి. వీలైతే ఆ తర్వాత రుణం ఇస్తారా లేదా అన్నది కూడా రాయించుకోవాలి.

కరువు, వరద వచ్చిన చోట పంట 33 శాతమో అంతకు మించో పోయిందని తేలితే పాత పంట రుణాన్ని వాయిదాల రుణంగా మార్చి, కొత్త పంటకు మళ్లీ రుణం ఇచ్చే పద్ధతి ఉంది. అలా మార్చిన ఖాతా మొండి బకాయి కాదు. ఆ పని సకాలంలో జరగాలంటే ప్రభుత్వం నష్టాన్ని సకాలంలో ప్రకటించాలి. కరువు మండలాల ప్రకటన నెలల తరబడి ఆలస్యమైతే ఆ నష్టం ఒక్క పరిహారంతో ఆగదు. రైతు తర్వాతి రుణం కూడా పోతుంది.

సిబిల్ స్కోరు

పదేళ్ల కిందట పల్లెల్లో ఎవరికీ తెలియని ఈ మాట ఇప్పుడు ప్రతి బ్రాంచిలో వినిపిస్తోంది. దేశంలో రుణ చరిత్రలు నిర్వహించే సంస్థలు నాలుగున్నాయి, సిబిల్ వాటిలో ఒకటి. స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. ట్రాక్టరు వాయిదా తప్పినా, ఫోన్ వాయిదా మిగిలిపోయినా, యాప్‌లో తీసుకున్న ఐదు వేలు కట్టకపోయినా స్కోరు పడిపోతుంది. ఇతరుల అప్పుకు హామీ సంతకం పెడితే ఆ అప్పు కూడా మన చరిత్రలో కనిపిస్తుంది. బావమరిది బండి కోసం పెట్టిన సంతకం మన పత్తి చేను పెట్టుబడిని ఆపేస్తుంది.

ఇక్కడ మౌలికమైన అన్యాయం ఒకటుంది. నెల జీతగాడికి నెల వాయిదా సరిపోతుంది. రైతు చేతికి డబ్బు పంట అమ్మినప్పుడు వస్తుంది, ఏడాదికి ఒకసారో రెండుసార్లో. ట్రాక్టరు కంపెనీలు, ఫైనాన్సు సంస్థలు నెలవారీ వాయిదాలు పెట్టి, రెండు నెలలు ఆలస్యమైతే చెడ్డ మార్కు వేస్తే, అది రైతు నిజాయితీకి కొలత కాదు, పంట క్యాలెండరుకు వేసిన శిక్ష.

స్కోరు లేకపోవడం మరో కారణం. ఎన్నడూ బ్యాంకు గడప తొక్కని యువ రైతుకు, మహిళా రైతుకు 'మీకు చరిత్రే లేదు' అంటారు. మొదటిసారి రుణం అడిగేవారిని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరి ఆదేశాల్లో చెప్పింది. ఆ సంగతిని కేంద్రం పార్లమెంటులోనూ చెప్పింది.

ప్రతి ఒక్కరికీ ఏడాదికి ఒకసారి, నాలుగు సంస్థల్లో ప్రతి దాని నుంచీ, పూర్తి నివేదిక ఉచితంగా పొందే హక్కు ఉంది. డబ్బు తీసుకుని స్కోరు చూపించే దళారులు అవసరం లేదు. నివేదికలో తప్పుంటే, తీరిన అప్పు తీరనట్టు చూపితే, ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 నుంచి అమల్లో ఉంది. ఫిర్యాదు తేదీ రుజువు దాచుకోవాలి.

హామీ తెండి, బంగారం తెండి

రూ.2 లక్షల వరకు వ్యవసాయ రుణానికి ఏ హామీ ఆస్తీ, మార్జినూ అడగకూడదు. ఈ పరిమితి 2019లో లక్ష నుంచి రూ.1.60 లక్షలకు, 2025 జనవరి 1 నుంచి రూ.2 లక్షలకు పెరిగింది. వేసిన పంటే దానికి హామీ. సేద్యం చేస్తున్నట్టు రుజువు కోసం 1బీ, అడంగల్, పాస్‌బుక్ నకలు చూపడం వేరు, భూమి తనఖా పెట్టడం వేరు. ఈ తేడా తెలియక రెండెకరాల రైతు కూడా తనఖాకు తలూపుతున్నాడు.

బంగారం సంగతి మరీ చిత్రం. రైతు తనంతట తాను ఇష్టపడి బంగారం పెడితే, రెండు లక్షల లోపు రుణమైనా అది నిబంధనల ఉల్లంఘన కాదని రిజర్వ్ బ్యాంకు 2025 జులైలో వివరణ ఇచ్చింది. 'పంట రుణం లేటవుతుంది, బంగారం ఉంటే ఇప్పుడే ఇస్తాం' అన్నప్పుడు ఆ ఇష్టం ఎవరిది? విత్తనం వేసే వేళ ఇల్లాలి మెడలో పుస్తెలతాడు తీసి కౌంటరు మీద పెడితే దాన్ని స్వచ్ఛందం అని రాసుకోవడం న్యాయమా? అందుకే బంగారం పెట్టేవారు కూడా ముందుగా హామీ లేని పంట రుణానికి దరఖాస్తు పెట్టి, దాని రసీదు తీసుకోవాలని కోరుతున్నాం.

అన్ని బ్యాంకుల్లో బకాయి లేదని రాయించుకు రా

ఊరి చుట్టూ ఉన్న ఐదారు బ్యాంకులు, సొసైటీ, ప్రతి చోటా 'నో డ్యూ' సంతకం కోసం తిరగడం మనకు అలవాటైపోయింది. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో వ్యక్తిగత రుణగ్రహీతలను, స్వయం సహాయక సంఘాలను ఈ సర్టిఫికెట్లు అడగవద్దని రిజర్వ్ బ్యాంకు 2015 జనవరిలోనే చెప్పింది. ప్రభుత్వ పథకంలో ఆ షరతు ఉంటే తప్ప అక్కర్లేదు. బకాయి ఉందో లేదో రుణ చరిత్రలో చూసుకోవచ్చు, రైతు నుంచి స్వీయ ప్రకటన తీసుకోవచ్చు. 'మీ ఊరు మా బ్రాంచి కింద లేదు' అన్నది మరో మాట. ఫలానా ఊరికి ఫలానా బ్రాంచే అన్న కట్టడిని కూడా, ప్రభుత్వ పథకాలకు తప్ప, 2004 డిసెంబరులోనే ఎత్తేశారు.

సగం తిరస్కరణ

పూర్తిగా కాదనకుండా తక్కువ ఇచ్చి పంపేది మరో పద్ధతి. ఏ పంటకు ఎకరాకు ఎంత రుణం ఇవ్వాలో జిల్లా సాంకేతిక కమిటీ ఏటా నిర్ణయిస్తుంది. అదే స్కేల్ ఆఫ్ ఫైనాన్స్. కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితిలో దానిపై ఇంటి ఖర్చులకు, కోత అనంతర ఖర్చులకు 10 శాతం, వ్యవసాయ పరికరాల మరమ్మతులకు 20 శాతం, పంట బీమా ప్రీమియం కలపాలి. ఉదాహరణకు ఎకరాకు స్కేలు రూ.40 వేలు అనుకుందాం. మూడెకరాలకు లక్షా 20 వేలు. 10 శాతం 12 వేలు, 20 శాతం 24 వేలు కలిపితే రూ.1,56,000, దానిపై బీమా. అదే రైతుకు 80 వేలు ఇచ్చి పంపితే మిగతా 76 వేలు ఎక్కడి నుంచి వస్తాయో అందరికీ తెలుసు. ఈ ఏడు మీ పంట స్కేలు ఎంతో తెలుసుకుని వెళ్లండి. తక్కువ ఇస్తే ఎందుకో రాసిమ్మని అడగండి.

కౌలు రైతుకు అసలు తలుపే లేదు

పైన చెప్పిన కారణాలన్నీ భూమి ఉన్నవారివి. కౌలు రైతును ఆ వరుసలో కూడా నిలబడనివ్వరు. కిసాన్ క్రెడిట్ కార్డు నిబంధనల్లో కౌలుదారులు, నోటిమాట కౌలుదారులు, పాలికాపులు అర్హులేనని స్పష్టంగా ఉంది. అయినా 'పాస్‌బుక్ లేదు' అన్న రెండు మాటలతో పంపేస్తారు.

2011లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన భూ అధీకృత సాగుదారుల చట్టం కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో దాని స్థానంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దాని కింద 11 నెలల కార్డు కావాలంటే భూ యజమాని సంతకం కావాలి. కార్డు వల్ల భూమిపై ఏ హక్కూ రాదని చట్టంలో ఉన్నా యజమానులకు భయం పోలేదు. తెలంగాణలో 2011 చట్టం రద్దు కాకపోయినా కార్డుల జారీ దాదాపు ఆగిపోయింది.

కార్డు దొరికినా చిక్కు తీరదు. ఆ భూమి మీద యజమాని ముందే పంట రుణం తీసుకుని ఉంటాడు. ఒకే భూమికి రెండు పంట రుణాలు ఇవ్వలేమని బ్యాంకు అంటుంది. పంట పెట్టుబడికి ఉద్దేశించిన 4 శాతం రుణం పంట వేయనివాడి చేతికి వెళుతుంది. పంట వేసేవాడు మూడు రూపాయల వడ్డీకి వెళతాడు. ఇది ఒక మేనేజరు తప్పు కాదు, విధానంలోని తప్పు. పంట రుణం పట్టాకు కాదు, పంటకు ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదులో సాగు చేస్తున్నది ఎవరో రాస్తున్నప్పుడు ఆ నమోదే రుణానికి ఆధారం ఎందుకు కాకూడదు? నాలుగు నుంచి పది మందితో ఏర్పడే జాయింట్ లయబిలిటీ గ్రూపులకు తనఖా లేకుండా రుణమిచ్చే పద్ధతి ఉంది. అదీ ఊరికి ఒకటి రెండు గ్రూపులకే పరిమితమైతే ప్రయోజనం లేదు.

ఎవరి పని ఎవరిది

బ్యాంకులు మొత్తం రుణాల్లో 40 శాతం ప్రాధాన్య రంగానికి, అందులో 18 శాతం వ్యవసాయానికి, 10 శాతం సన్న, చిన్నకారు రైతులకు ఇవ్వాలన్నది నియమం. ఈ కోటాలో కౌలు రైతులూ ఉన్నారు. మన పేరు మీద లక్ష్యాలున్నప్పుడు, వాటి అమలు మన ఊరి బ్రాంచిలో ఎలా ఉందో అడిగే హక్కూ మనకుంది.

ప్రభుత్వాలను మేము కోరేది ఇది. ఫౌతి, పేర్ల సవరణ, 22ఏ తొలగింపు, జాయింట్ ఎల్‌పీఎంల విభజన వంటి దరఖాస్తులకు సీజనుకు ముందే గడువు పెట్టి తేల్చాలి. కౌలు కార్డుకు యజమాని సంతకం షరతు తీసేయాలి. మాఫీ ఆలస్యపు వడ్డీ తానే కట్టాలి. జిల్లా, మండల స్థాయి బ్యాంకర్ల కమిటీల సమావేశాల్లో ఎన్ని రుణాలిచ్చారన్న లెక్కతో పాటు ఎంతమందిని ఎందుకు తిప్పి పంపారన్న లెక్క కూడా పెట్టించాలి. ఆ సమావేశాల్లో రైతు సంఘాలకు చోటివ్వాలి. బ్రాంచీల్లో సిబ్బంది కొరత తీర్చాలి. ముగ్గురు పని ఒకరు చేసే బ్రాంచిలో రైతును తొందరగా పంపించేయడమే పనిగా మారుతోంది.

మనం చేయాల్సింది కూడా ఉంది. ఒకటి, ఒంటరిగా కాకుండా ఐదారుగురు కలిసి బ్యాంకుకు వెళ్లండి. రెండు, దరఖాస్తు రెండు ప్రతులు రాసి, ఒకదానిపై తేదీతో స్టాంపు వేయించుకోండి. తీసుకోమంటే స్పీడ్ పోస్టులో బ్రాంచికి పంపి, ఆ రసీదు దాచండి. మూడు, కాదంటే కారణం రాసిమ్మని మర్యాదగా, గట్టిగా అడగండి. నాలుగు, జవాబు రాకపోతే బ్యాంకు పై అధికారికి, లీడ్ డిస్ట్రిక్ట్ మేనేజరుకు రాయండి. 30 రోజుల్లో స్పందన లేకపోతే, ఉన్నా తృప్తికరంగా లేకపోతే, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448 నంబరుంది. అయితే రుణం ఇవ్వాలా వద్దా అన్న బ్యాంకు వ్యాపార నిర్ణయాన్ని అంబుడ్స్‌మన్ మార్చడు. రసీదు ఇవ్వలేదు, కారణం చెప్పలేదు, రెండు లక్షల లోపు రుణానికి తనఖా అడిగారు అన్న ఫిర్యాదులకే అక్కడ బలం. ప్రభుత్వ రంగ బ్యాంకైతే మన దరఖాస్తు ఏమైందో సమాచార హక్కు చట్టం కింద కూడా అడగవచ్చు.

ప్రతి గ్రామ శాఖ ఒక నోటుబుక్కు పెట్టాలి. బ్యాంకుకు వెళ్లిన తేదీ, అడిగిన మొత్తం, చెప్పిన కారణం, కాగితం ఇచ్చారా లేదా అన్న నాలుగు గడులు చాలు. రైతు పేరు బయటికి చెప్పనక్కర లేదు. ఈ నెలాఖరుకు ఆ లెక్కలు మండల కమిటీలకు, అక్కడి నుంచి జిల్లాకు చేరాలి. వచ్చే నెల కలెక్టరు ముందు మనం పెట్టేది వినతి పత్రం ఒక్కటే కాదు, తిప్పి పంపిన రైతుల జాబితా. 'పెండింగ్ ఏమీ లేవు' అన్న మాటకు అదే సరైన జవాబు.

కాగితం లేదని మనల్ని తిప్పి పంపినవారినే ఇప్పుడు కాగితం అడుగుదాం. బుక్కు ఈ వారమే మొదలుపెట్టండి.